జ్వరాన్ని లెక్కించడం, టీకాను తూచడం

(మాహూర్ పురప్రజల ఆరోగ్య సభలో తెలుగులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన విషయం ఇన్‌ఫ్లూయెంజా. వాడుకలో ఫ్లూ జ్వరం. వానకాలం వచ్చిందంటే ప్రతి ఇంటిలోనూ ఎవరో ఒకరు తుమ్ముతారు, దగ్గుతారు, నాలుగు రోజులు మంచం పడతారు. అంతటితో పోయేదానికి ఒక ప్రసంగమెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. చాలామందికి అది నాలుగు రోజుల జ్వరమే. గర్భిణికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి, ఉబ్బసం ఉన్నవారికి, అరవై అయిదు దాటిన వృద్ధులకు, పసిపిల్లలకు మాత్రం అది ఊపిరితిత్తులలోకి దిగి ప్రాణం మీదికి వచ్చే జబ్బు. అందుకే వారికి ఏటేటా టీకా వేయించుకొమ్మని వైద్యులు చెబుతున్నారు.

అలా చెప్పగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "ఈ టీకా నిజంగా పనిచేస్తుందా? పక్కింటివారు వేయించుకొని కూడా జ్వరపడ్డారు కదా?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానం ఒక వైద్యుని నమ్మకంలో దొరకదు, పక్కింటివారి అనుభవంలోనూ దొరకదు. అది లెక్కలో దొరుకుతుంది. ఆ లెక్క ఎక్కడో పూణేలోనో జెనీవాలోనో మొదలు కాదు; మన గ్రామీణ రుగ్ణాలయంలోని రోగుల నమోదు పుస్తకంలో మొదలవుతుంది. నేను చెప్పదలచిన మాట ఇదే. తక్కిన ప్రసంగమంతా దీనికి వివరణ.

మన ఊరు ఉన్న చోటు

రేణుకామాత గద్దె, దత్తశిఖరం, అనసూయామాత ఆలయం ఉన్న మాహూర్ మహారాష్ట్రలోని మూడున్నర శక్తిపీఠాలలో ఒకటి. ఆ తల్లినే తెలంగాణ పల్లెలలో ఎల్లమ్మగా కొలుస్తారు. కనుక శరన్నవరాత్రులకు, మార్గశిర పౌర్ణమినాటి దత్తజయంతికి యవత్‌మాళ్, నాందేడ్, పర్భణీల నుండి వచ్చినట్లే ఆదిలాబాదు, నిర్మల్, నిజామాబాదుల నుండి కూడా జనం తరలివస్తారు. ఇది నిన్న మొన్నటి రాకపోక కాదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు గీత మారినది గాని బంధుత్వాలు మారలేదు; సంతలు, పెళ్ళిళ్ళు, మొక్కులు మారలేదు.

జ్వరానికి కూడా ఆ గీత తెలియదు. నవరాత్రుల వేళ మెట్ల మీద, వాహనాలలో, సత్రాలలో పక్కపక్కన గడిపిన మనుషులు రెండు మూడు రోజులకు ఎవరి ఊళ్ళలో వారు దగ్గుతారు. ఒకరు కిన్వట్‌లో చూపించుకుంటారు. మరొకరు ఆదిలాబాదు రిమ్స్‌కు పోతారు. ఇంకొకరు మందుల దుకాణంలో రెండు మాత్రలు కొనుక్కొని ఊరకుంటారు. మొదటివారు మహారాష్ట్ర లెక్కలోకి, రెండవవారు తెలంగాణ లెక్కలోకి వెళతారు. మూడవవారు ఏ లెక్కలోకీ రారు. ఇందువల్ల జ్వరం ఒక్కటే అయినా దాని బొమ్మ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. సరిహద్దు ఊరికి లెక్క పట్ల ఎక్కువ శ్రద్ధ ఉండవలసిన కారణమిదే.

లెక్క లేని కాలంలో ఏమి జరిగినది

1918 జూన్ నెలలో ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవులో అడుగుపెట్టినది. రైలు మార్గాల వెంట దేశమంతటా వ్యాపించినది. సెప్టెంబరు తరువాత వచ్చిన రెండవ కెరటం మొదటిదానికంటె ఘోరమైనది. ఆ సంవత్సరం మన దేశంలో కోటికి పైగా ప్రజలు మరణించారని పండితుల అంచనా. అంచనా అంటున్నాను, ఎందుకంటే అప్పుడు పల్లెలలో మరణాలను రాసే ఉద్యోగి దగ్గర ఉన్న గడి ఒక్కటే: "జ్వరాలు". మలేరియాతో పోయినవారూ, ఫ్లూతో పోయినవారూ, పేరు తెలియని కాకతో పోయినవారూ ఆ ఒక్క గడిలోనే చేరారు. నష్టం ఎంతటిదో 1921 జనాభా లెక్కలలో బయటపడినది. నేటి భారత భూభాగంలో 1911లో 25.21 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.13 కోట్లకు తగ్గినది. మన జనాభా లెక్కల చరిత్రలో జనసంఖ్య తరిగిన దశాబ్దం అదొక్కటే.

మనిషిలో ఈ జబ్బును కలిగించే వైరస్‌ను వేరుచేయగలిగినది 1933లో. అంటే 1918లో వైద్యులకు శత్రువు ఎవరో కూడా తెలియదు. ఈనాడు మనకు శత్రువు తెలుసు, పరీక్ష తెలుసు, టీకా ఉన్నది. అయినా "జ్వరం" అన్న ఒక్క మాట రాసి పుస్తకం మూసివేస్తే మనం కూడా ఆ 1918 నాటి గడిలోనే ఉన్నట్లు.

నిఘా అంటే ఏమిటి

నిఘా అన్న మాట వినగానే పోలీసులు గుర్తుకు రావచ్చు. ఆరోగ్యశాస్త్రంలో నిఘా అంటే ఎవరినో పట్టుకోవడం కాదు. ఒకే నిర్వచనంతో, ఒకే పద్ధతిలో, ప్రతి వారం, ఆపకుండా లెక్కించడం. లెక్కించినదాన్ని పనిచేయవలసినవారికి చేర్చడం. వ్యక్తుల పేర్లు బయటికి రావు. సంఖ్యలు మాత్రమే ప్రయాణం చేస్తాయి.

ఇందులో నిర్వచనం చాల ముఖ్యమైనది. మన ఊరిలో ఒకరు "పడిశం, ఒళ్ళు నొప్పులు" అంటారు. మరొకరు "తాప్, ఖోక్‌లా" అంటారు. గోండీలోనూ బంజారాలోనూ వేరే మాటలున్నవి. ఎవరి మాట వారు రాస్తే కూడిక కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలత సరళమైనది: 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటె ఎక్కువ జ్వరం, దానితో పాటు దగ్గు, ఇవి మొదలై పది రోజులు మించకపోవడం. ఈ మూడూ ఉంటే "ఫ్లూ వంటి జబ్బు" అని రాయాలి. ఇవే లక్షణాలతో ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే "తీవ్ర శ్వాసకోశ వ్యాధి" అని రాయాలి. ఉష్ణమాపకానికి మరాఠీ, తెలుగు అన్న భేదం లేదు. నాలుగు భాషల ఊరికి ఇంతకంటె మంచి ఉమ్మడి భాష లేదు.

మన దేశంలో ఈ పని కోసం 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైనది. ఉపకేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి రాసేది ఎస్ పత్రం; వైద్యుడు తన అంచనా ప్రకారం రాసేది పి పత్రం; ప్రయోగశాల తేల్చినది రాసేది ఎల్ పత్రం. 2021 నుండి ఇవి సమీకృత ఆరోగ్య సమాచార వేదిక మీద నేరుగా నమోదవుతున్నవి. మూడు పత్రాలూ మూడు మెట్లు. కింది మెట్టు విరిగితే పై మెట్టు గాలిలో ఉంటుంది.

అందరికీ పరీక్ష చేయనక్కరలేదు. అన్నం ఉడికినదో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని మన అమ్మలకు తెలుసు. అయితే ఆ మెతుకును అడుగున మాడినచోటి నుండే తీస్తే అన్నమంతా మాడినదనిపిస్తుంది. నిఘాలో కూడా ఇంతే. 2015లో మన దేశంలో హెచ్1ఎన్1 ఫ్లూ తీవ్రంగా వచ్చినది. ప్రభుత్వ లెక్క ప్రకారం 42 వేలకు పైగా కేసులు, 2,990 మరణాలు. భాగించి చూస్తే నూటికి ఏడుగురు చనిపోయినట్లు కనిపిస్తుంది. అది నిజమైన మరణాల రేటు కాదు. అప్పటి నియమాల ప్రకారం రోగులను ఎ, బి, సి అని మూడు తరగతులు చేసి, ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్ళెలో రక్తం, గోళ్ళు నీలం తిరగడం వంటి ప్రమాద చిహ్నాలున్న సి తరగతివారికి మాత్రమే పరీక్ష చేయాలి. స్వల్పంగా జబ్బుపడినవారు ఆ కేసుల సంఖ్యలోకి రానేలేదు. చికిత్స కోసం ఆ నియమం సరియైనదే. కాని జబ్బు ఎంతగా వ్యాపించినదో తెలియాలంటే నిర్ణయించిన కొన్ని కేంద్రాలలో, స్వల్ప జ్వరాలవారి నుండి కూడా, ప్రతి వారం ఒక నియమం ప్రకారం కొన్ని నమూనాలు తీయాలి. దానినే కావలి నిఘా అంటారు.

మారే శత్రువు, మారే టీకా

పోలియో టీకా బాల్యంలో వేస్తే చాలు. ఫ్లూ టీకా ప్రతి సంవత్సరం ఎందుకు? ఫ్లూ వైరస్ తన పై చొక్కాను కొంచెం కొంచెంగా మార్చుకుంటుంది. నిరుటి టీకాతో మన దేహం గుర్తుపట్టడం నేర్చుకున్న చొక్కా ఈ ఏడు దాని ఒంటి మీద ఉండకపోవచ్చు. అదీగాక టీకా ఇచ్చే రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

అందువల్ల 1952లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిఘా వ్యవస్థను నెలకొల్పినది. 120కి పైగా దేశాలలోని జాతీయ ఇన్‌ఫ్లూయెంజా కేంద్రాలు నమూనాలను పరీక్షించి, కొన్నింటిని అట్లాంటా, లండన్, మెల్‌బోర్న్, టోక్యో, బీజింగ్ నగరాలలోని సహకార కేంద్రాలకు పంపుతాయి. మన దేశానికి ఆ జాతీయ కేంద్రం పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ. అది కూడా 1952లోనే ఏర్పడినది. ఈ నమూనాలను బట్టి ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి రాబోయే కాలపు టీకాలో ఏయే రకాలుండాలో నిర్ణయిస్తారు. టీకా తయారీకి ఇంచుమించు ఆరు నెలలు పడుతుంది కనుక అంత ముందుగా ఊహించక తప్పదు. ఊహ ఎంత సరియైనదన్నది నమూనాలు ఎంత విస్తారంగా వచ్చినవన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

వైరస్ రకానికి పెట్టే పేరులోనే ఈ సంగతి దాగి ఉన్నది. ఏ/కాలిఫోర్నియా/7/2009 అంటే ఏ తరగతి వైరస్, కాలిఫోర్నియాలో దొరికినది, ఏడవ నమూనా, 2009వ సంవత్సరం అని అర్థం. ఆ మహమ్మారి వైరస్ మన దేశంలో మొదట గుర్తింపబడినది 2009 మే నెలలో, హైదరాబాదులో, అమెరికా నుండి వచ్చిన ఒక ప్రయాణికునిలో. దానివల్ల మొదటి మరణం ఆగస్టు 3న పూణేలో సంభవించినది. మరణించినది పద్నాలుగేళ్ళ బాలిక. తెలుగు నేలకూ మరాఠీ నేలకూ నడుమ ఉన్న మనకు ఆ రెండు పేర్లూ దూరపు పేర్లు కావు. టీకాలో ఆ కాలిఫోర్నియా రకమే కొన్నేళ్ళు కొనసాగినది. 2016 సెప్టెంబరులో, మరుసటి ఏటి దక్షిణార్ధ గోళపు టీకా కోసం, దాని స్థానంలో ఏ/మిషిగన్/45/2015 రకాన్ని చేర్చమని సిఫారసు వచ్చినది. 2017లో మన దేశంలో వ్యాపించినది ఆ మిషిగన్ రకమేనని పూణే పరీక్షలలో తేలినది. పాత టీకా, కొత్త టీకా అన్న చర్చకు ఆధారం ఆ నమూనాలే.

ఇంకొక ఉదాహరణ. బి తరగతిలోని యమగాటా శాఖ వైరస్ 2020 మార్చి తరువాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. అందుచేత 2023 సెప్టెంబరు నుండి దానిని టీకాలో చేర్చనక్కరలేదని నిపుణులు చెప్పారు. "లేదు" అని చెప్పగలగడం కూడా నిఘా ఫలమే. వెదకనివాడు లేదని చెప్పలేడు.

మన ప్రాంతానికి సంబంధించిన విషయం మరొకటి. చలి దేశాలలో ఫ్లూ శీతకాలపు జబ్బు. మన దేశంలో శ్రీనగర్ వంటి చోట్ల అలాగే ఉంటుంది. పూణే, నాగపూరు, ఢిల్లీ వంటి చాల చోట్ల నిఘా లెక్కలు చూపినదేమంటే, ప్రధానమైన ఉధృతి వానకాలంలో, జూలై నుండి సెప్టెంబరు వరకు ఉంటుంది. చలికాలం చివర మరొక చిన్న కెరటం రావచ్చు. కనుక మన వంటి ఊళ్ళకు టీకా వేయించుకోవలసిన మంచి సమయం ఏప్రిల్, మే నెలలు. టీకా పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. తొలకరి పడ్డాక, ఇంటిలో ఒకరు దగ్గడం మొదలుపెట్టాక పరుగెత్తడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వడమే.

టీకాను తూచే తక్కెడ

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. టీకా ఎంత పనిచేసినదో ఎలా తెలుసుకోవాలి?

టీకా వేయించుకున్నవారిని ఒకవైపు, వేయించుకోనివారిని ఒకవైపు నిలబెట్టి ఎవరెక్కువ జబ్బుపడ్డారో చూస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. తమంత తాము వచ్చి టీకా వేయించుకునేవారు సాధారణంగా చేతిలో డబ్బున్నవారు, ఆరోగ్యం పట్ల శ్రద్ధ ఉన్నవారు, కొంచెం నలతగా ఉన్నా వైద్యుని దగ్గరకు వచ్చేవారు. వారు జబ్బుపడకపోతే అది టీకా ఘనతా, వారి జీవన విధానపు ఘనతా? వారు త్వరగా ఆసుపత్రికి వచ్చి లెక్కలో ఎక్కువగా కనిపిస్తే అది టీకా లోపమా?

ఈ చిక్కును విడదీయడానికి 2004-05 ప్రాంతంలో కెనడాలో మొదలై నేడు ప్రపంచమంతటా వాడుతున్న పద్ధతి ఒకటున్నది. ఫ్లూ వంటి జ్వరంతో ఆసుపత్రికి వచ్చినవారందరికీ ఒకే రీతిని పరీక్ష చేస్తారు. కొందరిలో ఫ్లూ వైరస్ ఉంటుంది. తక్కినవారిలో వేరే వైరస్ ఏదో ఉంటుంది. రెండు గుంపులవారూ జ్వరం వస్తే ఆసుపత్రికి వచ్చే అలవాటున్నవారే. ఫ్లూ టీకా ఇతర జ్వరాలను ఆపదు. కనుక ఫ్లూ లేనివారిలో ఎంతమంది టీకా వేయించుకున్నారో చూస్తే, ఆ ప్రాంతంలో అటువంటి జనంలో టీకా వాడకం ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఫ్లూ ఉన్నవారిలో టీకా పొందినవారు దానికంటె తక్కువగా ఉంటే, ఆ తరుగే టీకా చేసిన మేలు.

అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చెబుతాను. 400 మందికి పరీక్ష చేశామనుకుందాం. 100 మందిలో ఫ్లూ ఉన్నది. 300 మందిలో లేదు. ఫ్లూ ఉన్న 100 మందిలో టీకా పొందినవారు 10, పొందనివారు 90. అంటే తొమ్మిదింట ఒకటి. ఫ్లూ లేని 300 మందిలో టీకా పొందినవారు 60, పొందనివారు 240. అంటే నాలుగింట ఒకటి. మొదటి నిష్పత్తిని రెండవదానితో భాగిస్తే తొమ్మిదింట నాలుగు, అనగా 0.44. ఒకటి నుండి దానిని తీసివేస్తే 0.56. టీకా 56 శాతం పనిచేసినదని చెబుతాము.

ఇక్కడ ఆగి ఒక్క మాట గమనించండి. 400 మందికి పరీక్ష చేశాము గదా, ఇది గట్టి అంకె అనిపిస్తుంది. గణితం అలా అనదు. ఇంత చిన్న గుంపులో యాదృచ్ఛికంగా జరిగే హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకుంటే నిజమైన విలువ సుమారు 9 శాతం నుండి 78 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. తొమ్మిదంటే పనిచేయనట్లే, డెబ్బై ఎనిమిదంటే చాల గొప్ప. ఈ రెండింటి మధ్య ఊగే తక్కెడతో ఎవరూ బంగారం తూచరు. అదే నిష్పత్తితో 4,000 మంది ఉంటే ఆ ఊగిసలాట 44 నుండి 65 శాతానికి తగ్గుతుంది. ఇప్పుడు నమ్మి మాట్లాడవచ్చు.

మాహూర్ ఒక్కటే 4,000 నమూనాలు తీయలేదు. తీయనక్కరలేదు. మాహూర్ నలభై, కిన్వట్ నూరు, నాందేడ్ మరికొన్ని వందలు, ఆదిలాబాదు అటువైపు నుండి కొన్ని వందలు, అన్నీ ఒకే నిర్వచనంతో ఒకే గడులలో రాసినవైతే కలిసి ఒక పెద్ద తక్కెడ అవుతాయి. వేర్వేరు రీతులలో రాసినవైతే ఎన్ని వేలున్నా అవి కలవవు. చిన్న ఊరి పుస్తకానికి ఉన్న విలువ ఇదే.

శాతానికి అర్థం

టీకా 40 శాతం పనిచేసినదని పత్రికలో చదివి, "అయితే నూటికి అరవైమంది టీకా వేయించుకొని కూడా జబ్బుపడతారన్నమాట" అని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. టీకా లేకుండా నూరుమంది వృద్ధులలో ఒక కాలంలో పదిమందికి ఫ్లూ వస్తుందనుకోండి. 40 శాతం రక్షణ అంటే ఆ పదిమందిలో నలుగురు తప్పించుకున్నారు, ఆరుగురికి వచ్చినది. తక్కిన తొంభైమందికి ఎలాగూ రాలేదు. పక్కింటివారికి టీకా తరువాత కూడా జ్వరం వచ్చినదంటే వారు ఆ ఆరుగురిలో ఒకరై ఉండవచ్చు. లేక అది అసలు ఫ్లూ కాక మరొక వైరస్ అయి ఉండవచ్చు. తప్పించుకున్న నలుగురు మాత్రం ఎవరికీ కనిపించరు. రాని జబ్బును గురించి ఎవరూ చెప్పుకోరు. అందుకే లెక్క కావాలి.

ఈ శాతం ఏటేటా ఒకే విధంగా ఉండదు. క్రమంగా ప్రతి సంవత్సరం కొలిచే అమెరికాలో 2004-05లో 10 శాతం, 2010-11లో 60 శాతం, 2014-15లో 19 శాతం అని తేలినది. 2014-15లో టీకా తయారవుతుండగా హెచ్3ఎన్2 వైరస్ చొక్కా మార్చుకున్నది. ఆ సంవత్సరం టీకా సరిగా పనిచేయలేదని అక్కడి ప్రభుత్వ సంస్థే ప్రకటించినది. అలా ప్రకటించగలిగినందువల్లనే మంచి సంవత్సరంలో 60 శాతం అన్న మాటకు కూడా విలువ ఉన్నది.

మన దేశంలో కూడా ఇటువంటి ప్రయత్నం జరిగినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో 2009 నుండి మూడేళ్ళ పాటు ఆరు నెలల నుండి పదేళ్ళ వయస్సు గల పిల్లలపై అధ్యయనం చేశారు. కుటుంబాలను చీటీ వేసినట్లుగా రెండుగా విభజించి, కొందరికి ఫ్లూ టీకా, తక్కినవారికి పోలియో సూది టీకా ఇచ్చారు. మూడు సంవత్సరాలలో రక్షణ వరుసగా సుమారు 26, 41, 74 శాతంగా తేలినది. ఒకే పల్లెలు, ఒకే పద్ధతి. అయినా ఫలితం మూడింతల తేడా. కనుక "టీకా పనిచేస్తుందా" అని ఒక్కసారి అడిగి ఊరుకునే ప్రశ్న కాదు ఇది. "ఈ ఏడు, ఈ ప్రాంతంలో, ఏ వయస్సువారిలో ఎంత పనిచేసినది" అని ఏటేటా అడగవలసినది.

మరి తక్కువ సంవత్సరమో ఎక్కువ సంవత్సరమో ముందుగా తెలియనప్పుడు టీకా ఎందుకు వేయించుకోవాలి? గొడుగు గాలివానను పూర్తిగా ఆపలేదు. అయినా జబ్బుమనిషిని గొడుగు లేకుండా బయటికి పంపము. టీకా పొందినవారికి ఫ్లూ వచ్చినా అది తీవ్రమై ఆసుపత్రిలో చేరవలసి రావడం తగ్గుతుందని అనేక అధ్యయనాలు చూపుతున్నవి. సూది రూపంలో ఇచ్చే టీకాలో బతికి ఉన్న వైరస్ ఉండదు; దానివల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల ఒళ్ళు వెచ్చదనం రావచ్చు. గర్భిణి వేయించుకుంటే, పుట్టిన తరువాత ఆరు నెలల దాకా టీకా ఇవ్వరాని శిశువుకు కూడా తల్లి నుండి కొంత రక్షణ అందుతుంది. ఈ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు కనుక ఇంటికి వచ్చి ఎవరూ వేయరు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు అడిగి తెలుసుకోవాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో గర్భిణులకు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చేసినది. ప్రస్తుతం మీకు ఎక్కడ దొరుకుతుందో ఆశా కార్యకర్తను గాని ఆరోగ్య కేంద్రాన్ని గాని అడగండి.

మనం చేయవలసినది

ఇవన్నీ పెద్ద సంస్థల పనులు, మనదేమున్నదనుకోవద్దు. మనవంతు పని చిన్నది, కాని మన తప్ప వేరెవరూ చేయలేనిది.

మొదటిది, వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు. "జ్వరం" అని ఒక్క మాట రాసి వదలవద్దు. ఉష్ణోగ్రత ఎంత, దగ్గు ఉన్నదా, ఎన్నవ రోజు, ఏ ఊరు, ఈ నాలుగు విషయాలు రాయండి. వాటి పక్కనే మరొక గడి గీయండి: ఫ్లూ టీకా వేయించుకున్నారా, ఏ నెలలో? ఈ ఒక్క గడి ఖాళీగా ఉంటే ప్రయోగశాల ఎంత మంచి పరీక్ష చేసినా టీకాను తూచడం సాధ్యం కాదు. ప్రైవేటు దవాఖానాలు నడిపే వైద్యులు కూడా వారం వారం తమ సంఖ్యలను ఇవ్వాలి. మన ఊరిలో సగం జ్వరాలు వారి గుమ్మంలోనే ఆగిపోతే ప్రభుత్వపు పుస్తకం సగం బొమ్మనే చూపుతుంది.

రెండవది, నమూనా తీసేవారికి. జ్వరం మొదలైన తొలి మూడు నాలుగు రోజులలో ముక్కు, గొంతు నుండి తీసిన నమూనాలో వైరస్ బాగా దొరుకుతుంది. వారం దాటితే ఫ్లూ ఉన్నవారు కూడా లేనివారుగా తేలవచ్చు. అప్పుడు తక్కెడ తప్పు తూకం చూపుతుంది. నమూనాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి ఆలస్యం లేకుండా పంపాలి. మన ఊరి నుండి పెద్ద ప్రయోగశాలకు దారి దూరం. మే నెల ఎండలో బస్సు కోసం వేచి ఉన్న మంచు పెట్టెలో మంచు కరిగితే పని అంతా వృథా.

మూడవది, పాఠశాలలకు. ఒక తరగతిలో ఒకేసారి ఎక్కువమంది పిల్లలు జ్వరంతో రాకపోతే ఆ సంగతి ఆరోగ్య కేంద్రానికి అదే రోజు చెప్పండి. హాజరు పట్టిక కంటె ముందుగా మేలుకొలిపే గంట చాల ఊళ్ళలో లేదు.

నాలుగవది, నగర పంచాయతీకి, దేవస్థాన పెద్దలకు. నవరాత్రులు వానకాలపు ఉధృతి తోకను పట్టుకొని వస్తాయి. ఉత్సవపు వైద్య శిబిరంలో కట్టే పట్టీలు, ఇచ్చే మాత్రలు ఎంత ముఖ్యమో అక్కడి నమోదు పుస్తకం కూడా అంత ముఖ్యం. వచ్చినవారి ఊరి పేరు తెలుగులోనైనా మరాఠీలోనైనా స్పష్టంగా రాయించండి. ఆదిలాబాదు వైపునుండి వచ్చినవారి సంఖ్యలు ఆ జిల్లా ఆరోగ్యాధికారులకు, అక్కడ చూపించుకున్న మనవారి సంఖ్యలు మన జిల్లాకు చేరే ఏర్పాటు రెండు వైపులా ఉండాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఆ తల్లి కూడా మెచ్చదు.

అయిదవది, మనందరికీ. టీకా వేయించుకుంటే ఆ చీటీని రేషన్ కార్డుతో పాటు దాచుకోండి. హైదరాబాదులో కొడుకు దగ్గర వేయించుకున్నా, నాందేడ్‌లో వేయించుకున్నా తేదీ గుర్తుంచుకోండి. పరీక్ష కోసం ముక్కులో పుల్ల పెడతామంటే భయపడి తప్పుకోకండి. మీ ఫలితం ఫ్లూ కాదని వచ్చినా అది వృథా కాదు. ఇందాక చూసినట్లు, ఫ్లూ లేనివారి సంఖ్య లేకుండా తక్కెడకు రెండవ పళ్ళెమే ఉండదు. ఆయాసం వచ్చినా, పెదవులు, గోళ్ళు నీలమైనా, బిడ్డ పాలు తాగకపోయినా మందుల దుకాణంతో సరిపెట్టుకోక ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. ఫ్లూకు మందున్నది, జబ్బు మొదలైన రెండు రోజులలోపు మొదలుపెడితే అది ఎక్కువగా పనిచేస్తుంది.

అయ్యలారా, అమ్మలారా! లెక్క లేనిచోట వదంతి పెత్తనం చేస్తుంది. ఒక సంవత్సరం జ్వరాలు పెచ్చుపెరిగినప్పుడు "టీకా వల్లనే వచ్చినది" అని ఒకరు, "టీకా ఉంటే ఏమీ కాదు" అని మరొకరు అంటారు. రెండూ తప్పని చెప్పడానికి మన చేతిలో పుస్తకం ఉండాలి. 1918లో పోయిన మన పెద్దలకు ఒక గడి కూడా దక్కలేదు. ఈనాడు ఒక గర్భిణి, ఒక వృద్ధుడు మనల్ని "వేయించుకోమంటారా?" అని అడిగినప్పుడు, మన ప్రాంతపు అంకెలు చూపి నిజాయితీగా జవాబు చెప్పగలిగే స్థితికి మన ఊరు చేరుకోవాలని, అందుకు వచ్చే వానకాలం నుండే పూనుకోవాలని కోరుతున్నాను.